రెండు గుర్రప్పిల్లలు, ఒకదానికి దగ్గు, మరొకదానికి కీళ్ళ దగ్గర వాపు: ముందుగా దేనిని చూపించాలి?

జూలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా లాయంలో ఈ సంవత్సరం రెండు గుర్రాలు ఈనాయి. పెద్ద పిల్లకు ఐదు నెలలు నిండాయి, అది ఆడది. చిన్న పిల్లకు రెండు నెలలు దాటాయి, అది మగది. పుట్టినప్పుడు రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి, తల్లుల పాలకూ కొరత లేదు. ఇప్పుడు మాత్రం రెండింటిలోనూ వేర్వేరు లక్షణాలు కనబడుతున్నాయి. గుర్రాలను చూసే వైద్యుడు ఉన్నారు గాని ముందుగా కబురు పెట్టి రప్పించుకోవాలి. ఆయన వచ్చేలోగా ఏమేమి గమనించి రాసిపెట్టుకోవాలో, రెండింటిలో దేనికి తొందర ఎక్కువో తెలిసినవారు చెబుతారని ఇక్కడ అడుగుతున్నాను.

పెద్ద పిల్ల మొదటినుంచీ ఒడ్డూ పొడుగూ ఉన్నది. తల్లి తొట్టిలోని దాణాలో తానూ మూతి పెట్టి తింటుంది. అదిగాక, పాలు మాన్పించే నాటికి అలవాటు కావాలని ఓట్లు, గోధుమ తవుడు కలిపి విడిగా కూడా పెడుతున్నాము. కొంతకాలంగా దాని ముందుకాళ్ళలో, గిట్టకు పైన వచ్చే ఫెట్‌లాక్ కీళ్ళ దగ్గర, ఎముక ఉబ్బినట్టు కనబడుతోంది. ఎదురుగా నిలబడి చూస్తే కీలుకు పైనా కిందా లావుగా, నడుమ సన్నగా, అచ్చం డమరుకంలా ఉంటుంది. బొటనవేలితో నొక్కితే కాలు లాక్కుంటుంది. ఉదయం లాయం నుంచి బయటికి తీసినప్పుడు అడుగులు బిగుసుకుపోయినట్టు వేసి, కాసేపు తిరిగాక సర్దుకుంటుంది. దీనికి తోడు కుడి ముందు గిట్ట ఎడమదానికంటే నిటారుగా ఉంది. మడమ వైపు పెరుగుతూ, ముందు అంచు మాత్రమే అరుగుతోంది.

చిన్న పిల్లకు దగ్గు. తల్లి వెంట పరుగెత్తినప్పుడు రెండు మూడుసార్లు దగ్గి ఆగుతుంది. ముక్కు కారడం లేదు, పాలు తాగుతోంది, ఆడుకుంటోంది. అయితే నీడలో పడుకున్నప్పుడు డొక్కలు ఎగసిపడుతున్నట్టు నాకు అనిపిస్తోంది. గుర్రాలను వదిలే ఆవరణ పొడిబారి దుమ్ము లేస్తోంది కనుక ఇది దుమ్ముకు వచ్చిన దగ్గేనని ఇంట్లో పెద్దవాళ్ళ అభిప్రాయం. పశువులకు వాడగా మిగిలిన పెన్సిలిన్ సీసా ఒకటి ఉంది, రెండు రోజులు వేసి చూడమని ఒకరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పక ఆగాను.

నట్టల మందు ఇంతవరకు రెండింటికీ వేయలేదు. పెద్దదానికి పాలు మాన్పించే వయసు వచ్చింది కాబట్టి, కాళ్ళు ఇలా ఉండగా మాన్పించవచ్చునా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను.

అశ్వవైద్యం

నమస్కారం జూలు గారూ. నేను పెద్ద జంతువులకు వైద్యం చేసే పశువైద్యురాలిని. చూడకుండా రోగనిర్ధారణ చేయడం సాధ్యం కాదు గాని, తొందర దేనికో చెప్పగలను. చిన్న పిల్లను ముందుగా చూపించండి, వీలైతే రేపే. పెద్దదాని కాళ్ళకు కొన్ని రోజుల వ్యవధి ఉంది, దగ్గుకు లేదు.

ఒకటి నుంచి ఆరు నెలల వయసులో ఉన్న గుర్రప్పిల్ల దగ్గుతూ, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా డొక్కలతో ఊపిరి తీస్తున్నదంటే మాకు మొదట తోచేది రోడోకాకస్ ఈక్వై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా. ఈ సూక్ష్మజీవి నేలలోనే ఉంటుంది, గుర్రాల లద్దెలో వృద్ధి చెందుతుంది, పొడి నేల నుంచి దుమ్ముతో లేచి ఊపిరితిత్తులలోకి చేరుతుంది. కనుక మీ ఇంట్లో పెద్దలు దుమ్మును తప్పుపట్టడంలో కొంత నిజం ఉంది. కాకపోతే దుమ్ము తగ్గితే దగ్గు దానంతటదే తగ్గుతుందని అనుకోవడానికి వీలులేదు. పిల్ల పుట్టిన తొలి రోజులలోనే ఇది సోకి, వారాల తరబడి పైకి ఏమీ తెలియకుండా లోపల చీముగడ్డలు కట్టిస్తుంది. పిల్ల పాలు తాగుతూ, ఆడుకుంటూనే ఉంటుంది కాబట్టి యజమాని కంటికి దగ్గు పడేసరికి గడ్డలు చాలానే ఏర్పడి ఉండవచ్చు.

వైద్యుడు వచ్చేలోగా మీరు చేయవలసినది మందు వేయడం కాదు, కొలవడం. ఉదయం, సాయంత్రం చల్లని వేళ మలద్వారంలో థర్మామీటర్ పెట్టి జ్వరం చూడండి. గుర్రప్పిల్లలకు 37.2 నుంచి 38.9 డిగ్రీల సెల్సియస్ వరకు మామూలే, దాటితే రాసిపెట్టండి. థర్మామీటర్ చివర దారం కట్టి, ఒక క్లిప్పుతో తోక వెంట్రుకలకు తగిలిస్తే జారి లోపలికి పోదు, కింద పడి పగలదు. పిల్ల నిద్రలో గాని, ప్రశాంతంగా నిలబడి గాని ఉన్నప్పుడు ఒక నిమిషం పాటు డొక్క కదలికలు లెక్కపెట్టండి. ఈ వయసు పిల్ల చల్లని వేళ, కదలకుండా ఉన్నప్పుడు నిమిషానికి నలభైకి మించి ఊపిరి తీస్తుంటే అది మామూలు కాదు. ఊపిరి తీసేటప్పుడు ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయా, ఊపిరి వదిలేటప్పుడు పొట్ట కండరం బిగించి నెట్టుతున్నదా అన్నవి అంకెలంత ముఖ్యమైన గుర్తులు. దవడ కింద గ్రంథులు వాచి ఉన్నాయేమో తడిమి చూడండి. అవి వాచి, ముక్కు నుంచి చిక్కని చీము వస్తే అది స్ట్రాంగిల్స్ అనే గుర్రాల అంటువ్యాధి కావచ్చు, అప్పుడు ఆ పిల్లనూ తల్లినీ మిగతా గుర్రాల నుంచి, వాటి నీళ్ళ తొట్ల నుంచి వెంటనే వేరుచేయాలి. కీళ్ళు నీరు పట్టి ఉన్నాయా, కన్ను మసకబారిందా అన్నది కూడా చూడండి, ఎందుకంటే రోడోకాకస్ సోకిన పిల్లలలో కొన్నింటికి ఇవి కూడా కనబడతాయి.

పెన్సిలిన్ వేయకపోవడం మంచిదైంది. రోడోకాకస్ ఊపిరితిత్తులలోని రక్షక కణాల లోపలే దాగి బతుకుతుంది; పెన్సిలిన్ అక్కడికి చేరి దానిని చంపలేదు. పైగా ముందే యాంటీబయాటిక్ వేసి ఉంటే, వైద్యుడు శ్వాసనాళం నుంచి తీసే నమూనాలో అసలు సూక్ష్మజీవి పెరగకపోవచ్చు. మాటవరసకు ఇంకొకటి: పశువులకు, కోళ్ళకు తయారుచేసిన దాణాలో మోనెన్సిన్ అనే పదార్థం కలిపే అలవాటు ఉంది; అది గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపగలదు. పశువుల మందు లాయంలోకి వచ్చిందంటే దాణా కూడా రావచ్చునన్న భయంతో చెబుతున్నాను.

దగ్గుకు ఇతర కారణాలూ లేకపోలేదు. వైరస్ జ్వరాలు, ఇతర బ్యాక్టీరియా న్యుమోనియాలు, పేగులకు చేరేముందు ఊపిరితిత్తుల గుండా ప్రయాణించే ఏలికపాముల పిల్లలు, ఇవన్నీ దగ్గు తెప్పిస్తాయి. ఏది అన్నది ఛాతీ అల్ట్రాసౌండ్, రక్తపరీక్ష, శ్వాసనాళపు నమూనా కలిసి తేలుస్తాయి.

పాతకాపు

వైద్యురాలు గారు చెప్పిన వరుసే సరైనది. చిన్నదాని సంగతి ఆవిడకే వదిలి, పెద్దదాని కాళ్ళ గురించి గుర్రాలు పెంచేవాడిగా నాకు తెలిసినది చెబుతాను.

జూలు గారూ, మీరు వర్ణించినదానిని ఫైసైటిస్ అంటారు. ఎముక పొడవు పెరిగే చోట, అంటే చివరనుండే మృదులాస్థి పొరలో, వచ్చే వాపు అది. ఫెట్‌లాక్ దగ్గర సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులోనూ, ముందు మోకాలి పైన ఎనిమిది నెలల తరువాత, రెండేళ్ళ లోపునా కనబడుతుంది. చకచకా బరువు పెరిగే పిల్లలకు, గట్టి నేల మీద గంతులు వేసేవాటికి, కాళ్ళు ఒక పక్కకు వంగి బరువంతా ఒకే వైపు పడేవాటికి ఎక్కువగా వస్తుంది. మీరు రాసినదానిలో నాకు కొట్టొచ్చినట్టు కనబడింది దాణా. పాలు ఎక్కువున్న తల్లి, ఆ తల్లి తొట్టిలో వాటా, దానిమీద ఓట్లు, ఓట్లలో తవుడు. పెద్ద గుర్రానికి సరిపడే శక్తి పిల్ల కడుపులోకి పోతోంది, ఎముకకు కావలసిన ఖనిజాలు మాత్రం ఆ మేరకు పోవడం లేదు.

తవుడు విషయమే ముఖ్యం. ఎదిగే పిల్లకు ఆహారం మొత్తంలో కాల్షియం, భాస్వరానికి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి. ఎట్టి పరిస్థితిలోనూ భాస్వరం కంటే తగ్గకూడదు. గోధుమ తవుడులో భాస్వరం కాల్షియం కంటే పదింతలు, లేదా అంతకు మించి ఉంటుంది. ఓట్లలోనూ భాస్వరానిదే పైచేయి. ఈ రెండూ కలిపి పెట్టినప్పుడు పేగులలో కాల్షియం గ్రహింపు దెబ్బతిని, రక్తంలో ఆ లోటును పూడ్చడానికి శరీరం ఎముకలనుంచే కాల్షియం తీసుకుంటుంది. ఇది చాలాకాలం సాగితే దవడ ఎముకలు, ముఖం ఎముకలు మెత్తబడి ఉబ్బే స్థితి కూడా వస్తుంది. తవుడు మీదే గుర్రాలను సాకిన రోజులలో ఆ జబ్బుకు తవుడు పేరే పెట్టారంటే ఎంత మామూలుగా వచ్చేదో ఊహించుకోండి. రాగి, జింకు తగినంత లేకపోవడం కూడా మృదులాస్థి సరిగా ఎముకగా మారకపోవడానికి ఒక కారణం. తల్లిపాలలో రాగి బహు తక్కువ. పిల్ల కడుపులో ఉన్నప్పుడు కాలేయంలో దాచుకున్న నిల్వమీదే తొలి నెలలు గడుపుతుంది. కాబట్టి చివరి నెలలలో చూలు గుర్రానికి ఇచ్చే ఖనిజాలే పిల్ల ఎముకలకు మొదటి పెట్టుబడి.

ఇప్పుడు చేయవలసింది తవుడు పూర్తిగా ఆపడం, ధాన్యం బాగా తగ్గించడం, తల్లి తొట్టిని పిల్ల మూతికి అందనంత ఎత్తున కట్టడం. అయితే పిల్లను పస్తు పెట్టకండి. కొందరు భయపడి గడ్డి తప్ప ఏమీ పెట్టరు. అప్పుడు ఎదుగుదల ఆగిపోయి, తరువాత మళ్ళీ మేత పెంచగానే ఒక్కసారిగా ఎగబాకుతుంది, కీళ్ళకు అదే ఇంకా చేటు. మంచి ఎండుగడ్డి, కొంత లూసర్న్ మేత, దానితో పాటు ఎదిగే పిల్లలకోసం తయారుచేసిన, ప్రొటీన్, ఖనిజాలు ఎక్కువగా ఉండి శక్తి తక్కువగా ఉండే దాణాను కొద్ది మోతాదులో పెడితే సరిపోతుంది. పెద్దయ్యాక అయిదు వందల కిలోలు తూగే జాతి పిల్ల ఆరు నెలలకు సుమారు 215 కిలోలు, ఏడాదికి 320 కిలోల దగ్గర ఉంటే చాలు. ఆ వయసులో రోజుకు ముప్పావు కిలో పెరుగుదల మామూలే. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టూ బరువు టేపు వేసి రెండు వారాలకొకసారి రాసుకోండి. టేపు చూపించే బరువు కొంత అటూ ఇటూ అయినా, గీత ఒక్కసారిగా ఎగబాకుతోందా, నిలకడగా వెళుతోందా అన్నది తెలుస్తుంది.

పరుగులు పెట్టే విశాలమైన మైదానం కాక, మెత్తని నేల ఉన్న చిన్న ఆవరణలో కొన్ని వారాలు ఉంచండి. పూర్తిగా లాయంలో కట్టేయడం కూడా మంచిది కాదు. నొప్పికి మందు మీరుగా వేయకండి, ఫినైల్‌బ్యూటజోన్ వంటివి పిల్లల కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి.

ఇక నిటారు గిట్ట. దానిని తేలికగా తీసుకోవద్దు. నొప్పి ఉన్న కాలిని పిల్ల కొంచెం మడిచి పెట్టుకుంటుంది, ఆ కాలి వెనుక స్నాయువు బిగుసుకుంటుంది, మడమ నేల తాకడం తగ్గి పెరిగిపోతుంది, ముందు అంచు అరుగుతుంది. గిట్ట ముందు గోడ నేలకు లంబంగా నిలబడే స్థితి వరకు వచ్చినా గిట్టలు చెక్కే మనిషి, వైద్యుడు కలిసి దారికి తేగలరు. లంబాన్ని దాటి ముందుకు వాలిందంటే శస్త్రచికిత్స మాట వస్తుంది, ఫలితం కూడా అంత భరోసాగా చెప్పలేరు. కనుక లాడాలు కొట్టే మనిషిని ఈ వారమే పిలిపించి, మడమను కొద్దికొద్దిగా, రెండు మూడు వారాలకొకసారి తీయించండి. ఒకేసారి లోతుగా తీస్తే బిగిసిన స్నాయువు మీద లాగుడు పెరిగి పిల్ల ఇంకా మడిచి నిలబడుతుంది. ప్రతి వారం రెండు ముందు గిట్టలనూ ఒకే చోట, చదునైన నేలమీద నిలబెట్టి పక్కనుంచి ఫొటో తీసి పెట్టుకోండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు.

పచ్చికబయలు

పాతకాపు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, ధాన్యమే అన్నింటికీ మూలమన్నట్టు వినబడడం నాకు అంతగా నచ్చలేదు. ధాన్యం గింజ ముట్టకుండా, పచ్చికమీదే పెరిగిన పిల్లలలోనూ ఫైసైటిస్ చూశాము. పెద్ద ఎముకల వంశం, పాలు ఎక్కువున్న తల్లి ఉంటే అదే చాలు. అందువల్ల జూలు గారి విషయంలో నా సలహా ఏమిటంటే, తొట్టి ఎత్తు పెంచడంతో సరిపెట్టకుండా, పాలు మాన్పించడమే మేలు. ఐదు నెలలు నిండిన పిల్ల గడ్డీ దాణా తినగలదు. దాని ఆహారంలో మనం అదుపు చేయలేనిది తల్లి పాలు ఒక్కటే.

మాన్పించే పద్ధతిలో మాత్రం తొందర వద్దు. పిల్లను తనకు తెలిసిన చోటే ఉంచి తల్లిని కనబడనంత, వినబడనంత దూరం తీసుకువెళ్ళాలి. పిల్ల దగ్గర ఒక నెమ్మదైన పెద్ద గుర్రమో, తోటి పిల్లో ఉండాలి. ఒంటరిగా వదిలితే కంచె వెంట రాత్రింబగళ్ళు పరుగెత్తి, నొప్పి ఉన్న కీళ్ళను ఇంకా పాడుచేసుకుంటుంది, కడుపులో పుండ్లు తెచ్చుకుంటుంది. టీకాలు, గిట్టలు చెక్కడం, నట్టల మందు, వేరే చోటికి తరలించడం, వీటిలో ఏదీ ఆ వారంలో పెట్టుకోకూడదు. తల్లికి దాణా తగ్గించాలి; పొదుగు బిగిసి ఉన్నా పిండకూడదు, పిండినకొద్దీ పాలు వస్తూనే ఉంటాయి.

నట్టల మందు గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండు పిల్లలకూ ఇంతవరకు వేయలేదన్నారు. ఏలికపాములు పిల్లల పురుగులు. ఏడాది లోపు పిల్లలనే ఎక్కువగా పట్టి, తరువాత నిరోధకత వచ్చాక తగ్గుతాయి. ఐదు నెలల పిల్ల పేగులలో అవి గుత్తులుగా ఉండే అవకాశం ఉంది. అటువంటప్పుడు పురుగులను పక్షవాతం వచ్చినట్టు ఒకేసారి చచ్చుబరిచే మందు వేస్తే, అవన్నీ కలిసి చిన్నపేగును మూసేసి, శూలతో పిల్ల చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. అదిగాక ఏలికపాములు ఐవర్‌మెక్టిన్‌కు లొంగకపోవడం చాలా దేశాలలో నిరూపణ అయింది. కనుక ముందు లద్దె పరీక్ష చేయించి, వైద్యుడు ఏ మందు, ఎంత బరువుకు అని చెప్పాకే వేయండి.

అశ్వవైద్యం

పచ్చికబయలు గారి మాట సరైనదే. మొదటి మోతాదు రెండు మూడు నెలల వయసులో, ఫెన్‌బెండజోల్ వంటి బెంజిమిడజోల్ వర్గం మందుతో మొదలుపెట్టడం ఇప్పుడు ఎక్కువగా అనుసరిస్తున్న పద్ధతి. అంతకుముందు వేయడం వల్ల ప్రయోజనం తక్కువ, మందుకు లొంగని పురుగులను ఎంచి పెంచినట్టవుతుంది. రెండవ మోతాదు పాలు మాన్పించే ముందు, లద్దె పరీక్ష చూసి. ఏలికపాముల గుడ్లు నేలలో ఏళ్ళ తరబడి బతుకుతాయి కాబట్టి ఏటేటా పిల్లలను ఒకే ఆవరణలో ఉంచడం మానేసి, లద్దె ఎత్తివేస్తూ ఉంటే మందుమీద భారం తగ్గుతుంది.

పాలు మాన్పించడంపై ఒక్క సవరణ. పెద్దదానికి మాన్పించవచ్చును గాని, ముందు వైద్యుడు కాళ్ళు చూసి, ఎక్స్‌రే అవసరమా అన్నది తేల్చాక. ఐదు నెలల పిల్ల ఒక్క కాలిమీద కుంటుతూ, ఆ కీలు వేడిగా ఉండి, జ్వరం కూడా ఉంటే అది ఫైసైటిస్ కాదు, కీలులో చీము అని అనుమానించాలి; ఆ స్థితిలో గంటలు కూడా లెక్కే. జూలు గారు ముందుకాళ్ళు రెండింటిలోనూ ఉబ్బు ఉందని, నడిచాక సర్దుకుంటున్నదని రాశారు కనుక నేను దానికి కొంత వ్యవధి ఉందన్నాను.

జూలు

అందరికీ కృతజ్ఞతలు. కొలతలు రాసిపెట్టమన్న సలహా వెంటనే పనికివచ్చింది. చిన్న పిల్లకు మొదటి సాయంత్రమే 39.6 డిగ్రీలు వచ్చింది. నిద్రలో ఉండగా ఊపిరి నిమిషానికి యాభైకి పైగా లెక్కకు వచ్చింది. ఆ అంకెలు ఫోనులో చెప్పగానే వైద్యుడు మరునాడు ఉదయమే వచ్చారు. అల్ట్రాసౌండ్‌లో రెండు ఊపిరితిత్తులలోనూ గడ్డలు కనబడ్డాయి. నమూనా తీసి ప్రయోగశాలకు పంపి, ఫలితం కోసం ఆగకుండా క్లారిత్రోమైసిన్, రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్‌లు కలిపి మొదలుపెట్టారు. చాలా వారాలు వాడవలసి ఉంటుందని చెప్పారు. మూత్రం ఎర్రగా కనబడినా కంగారుపడవద్దన్నారు.

పెద్దదాని కాళ్ళు ఫైసైటిస్ అనే తేల్చారు. తవుడు ఆపాము, తొట్టి ఎత్తాము, గిట్టలు చెక్కించాము. లద్దె పరీక్షలో ఏలికపాముల గుడ్లు కనబడ్డాయి. మందు వేసి, కొంత వ్యవధి ఇచ్చి, ఆ తరువాతే పాలు మాన్పించమన్నారు.

ఇప్పుడు రెండు సందేహాలు. చిన్నదానికి మందు వాడుతున్నన్నాళ్ళు జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా? అలాగే చిన్నదాని తల్లి మళ్ళీ చూలు కడితే, వచ్చే పిల్లకు ఇదే జబ్బు రాకుండా ముందునుంచీ ఏమి చేయవచ్చు?

అశ్వవైద్యం

త్వరగా చూపించారు, సంతోషం. క్లారిత్రోమైసిన్ వర్గం మందులు పిల్లకు చెమట పట్టకుండా చేస్తాయి. చెమట లేనిదే గుర్రప్పిల్ల ఒంటి వేడిని తగ్గించుకోలేదు. ఎండలో తల్లి వెంట పరుగెత్తితే ఒంటి వేడి 41 డిగ్రీలు దాటి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి మందు వాడుతున్నన్నాళ్ళూ, ఆపిన తరువాత కొన్ని రోజులూ, పగలు గాలి ఆడే నీడలో ఉంచి, ఉదయం, సాయంత్రం మాత్రమే బయటికి వదలండి. రొప్పుతూ, ఒళ్ళు కాలిపోతూ కనబడితే చల్లని నీళ్ళు ధారగా పోస్తూ వైద్యునికి ఫోన్ చేయండి. ఇది జబ్బు తిరగబెట్టడం అనుకొని మరో మందు కలపకూడదు.

రెండవది తల్లి గురించి. పిల్ల మూతికి అంటిన మందును తల్లి నాకితే దాని పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి, ప్రాణాంతకమైన విరేచనాలు పట్టుకోవచ్చు. మందు వేసిన వెంటనే పిల్ల నోరు, మూతి తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, కాసేపు తల్లినుంచి పక్కకు ఉంచండి. పిల్లకు పల్చగా లద్దె అయితే అదీ వెంటనే తెలియజేయండి. జ్వరం తగ్గగానే మందు ఆపకండి. ఎప్పుడు ఆపాలన్నది మళ్ళీ అల్ట్రాసౌండ్ చూసే నిర్ణయించాలి.

వచ్చే పిల్లకోసం టీకా వంటి తిరుగులేని దారి లేదు. పుట్టిన తొలి రోజులలో ఈ బ్యాక్టీరియాకు ప్రతిరోధకాలు ఎక్కువగా ఉన్న ప్లాస్మాను నరంలోకి ఎక్కించే పద్ధతి ఉంది, జబ్బును తగ్గిస్తుంది గాని పూర్తిగా ఆపదు. ఆవరణలో గుర్రాల గుంపు తగ్గించడం, దుమ్ము లేచే చోట కాకుండా పచ్చిక నేలమీద ఈనేలా చూడడం మేలు. మీ లాయంలో జబ్బు ఉందని తెలిసింది కాబట్టి మూడవ వారం నుంచి పిల్లలను అల్ట్రాసౌండ్‌తో క్రమం తప్పక చూడవచ్చు. అయితే అందులో కనబడే ప్రతి చిన్న గడ్డకూ మందు అవసరం లేదు. పైకి లక్షణాలు లేని పిల్లలలో చిన్న గడ్డలు చాలావరకు వాటంతటవే మానిపోతాయి. అన్నింటికీ మందు పోసిన చోట, మందుకు లొంగని రోడోకాకస్ పుట్టుకొచ్చింది.

పాతకాపు

వచ్చే ఈత గురించి అడిగారు కనుక ఒక్కమాట కలుపుతాను. పిల్ల ఆరోగ్యంలో సగం మొదటి రోజే తేలిపోతుంది. ఈనడానికి నాలుగైదు వారాల ముందు తల్లికి ధనుర్వాతం మొదలైన టీకాలు మళ్ళీ వేయించండి, ఆ రక్షణ ముర్రుపాలలోకి చేరుతుంది. పుట్టిన పిల్ల గంటలోపు నిలబడాలి, రెండు గంటలలోపు పాలు తాగాలి, మూడు గంటలలోపు తల్లి మాయ వేయాలి. ముర్రుపాలలోని ప్రతిరోధకాలను పిల్ల పేగు పీల్చుకునేది మొదటి ఆరేడు గంటలలోనే ఎక్కువ, ఒక రోజు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. పొదుగు దగ్గర మూతి పెట్టి నిలబడినంత మాత్రాన తాగుతోందని అనుకోకండి. పిల్ల నుదుటిమీద పాలు కారి ఎండిన చారలు, తల్లి పొదుగు బిగిసి చన్నుల నుంచి చుక్కలు కారడం కనబడితే, పిల్ల పొదుగు కిందే ఉంది గాని నోటితో పట్టుకోవడం లేదని అర్థం. పద్ధెనిమిది నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య రక్తంలో ఐజీజీ, అంటే ముర్రుపాలనుంచి అందిన ప్రతిరోధకాల, పరీక్ష చేయించండి. డెసీలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటితే నిశ్చింతగా ఉండవచ్చు. 400 లోపు ఉంటే ముర్రుపాల రక్షణ అందనట్టే, ప్లాస్మా ఎక్కించవలసి వస్తుంది.

బొడ్డును పలుచని క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంలో రోజుకు రెండు మూడుసార్లు ముంచండి, ఘాటైన అయోడిన్ వద్దు, చర్మం కాలి పుండు పడుతుంది. బొడ్డు తడిగా ఉండి మూత్రం చుక్కలు కారుతుంటే వైద్యునికి చెప్పండి. మొదటి నల్లని లద్దె పడకుండా తోక ఎత్తి ముక్కుతూ ఉంటే కూడా అంతే. మాయ పడ్డాక దానిని పారేయకుండా నీళ్ళున్న బకెట్‌లో వేసి ఉంచండి. మాయకు ఉండే రెండు కొమ్ముల కొసలూ చిరగకుండా పూర్తిగా వచ్చాయా అన్నది వైద్యుడు పరచి చూస్తారు. మూడు గంటలు దాటినా పడకపోతే చేత్తో లాగకుండా, వేలాడేదానిని తల్లి తొక్కకుండా పైకి ముడివేసి, వెంటనే ఆయనకు కబురు చేయండి.